మీదంటే మీదన్న గోడ

ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు నాకు ఫోన్ చేస్తే ఏ సిమెంటు వాడాలని అడుగుతారు, ఇసుక బదులు రాతిపొడి వాడొచ్చా అని అడుగుతారు, పిల్లర్‌లో కడ్డీల లెక్క అడుగుతారు. పక్కింటి గోడ సంగతేమిటని ఇప్పటివరకు ఒక్కరూ అడగలేదు. ఖాళీ ప్లాటులో కట్టుకునేవాళ్ళకు ఆ బాధ లేదు, నిజమే. కానీ పాతబస్తీలో ఖాళీ ప్లాటు ఎక్కడ దొరుకుతుంది? అక్కడ ఇల్లు కట్టడమంటే ముందు పాత ఇల్లు కూల్చాలి. దాన్ని ఆనుకుని నిలబడ్డ ఇంకో ఇల్లు కూలకుండా చూసుకోవాలి. మా డిప్లొమాలో కట్టడం నేర్పారు గానీ కూల్చడం గురించి ఒక్క పాఠం కూడా లేదు.

నేను చిన్న చిన్న ఇళ్ళకు ప్లాన్లు గీసి దగ్గరుండి కట్టించే ఒక ఆఫీసులో సైట్ ఇంజినీరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఆడమనిషి సైటు మీదికి వస్తే మేస్త్రీలు మొదట నవ్వేవాళ్ళు, తర్వాత చాటుగా తిట్టుకునేవాళ్ళు, చివరికి టీ తెప్పించేవాళ్ళు. విషయం అర్థం కానప్పుడు గొంతు పెంచడం నా అలవాటు. ఇప్పుడు చెప్పబోయే ఇంటి దగ్గర అరిచి అరిచి నా గొంతు పూర్తిగా బొంగురుపోయింది. అంటే అక్కడ నాకు ఎంత అర్థమైందో మీరే ఊహించుకోండి.

దబీర్‌పురా అనుకోండి, కాదనుకోండి, ఆ చుట్టుపక్కల ఒక గల్లీ. ఇల్లు కట్టుకుంటున్న ఆయన బస్ డిపోలో మెకానిక్, ఆవిడ సర్కారు దవాఖానలో ఆయా. తాతలనాటి చిన్న సున్నపు ఇల్లు, వానొస్తే వంటింట్లో గిన్నెలు పెట్టుకోవాల్సిన ఇల్లు. దాన్ని కూల్చి కిందొకటి, పైనొకటి వేసుకుందామని సంతోష్‌నగర్‌లో అద్దెకు దిగారు. వాళ్ళ గోడకు అవతల ఒక ముసలావిడ ఉండేది. గల్లీ అంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. భర్త లేడు. కొడుకు కిషన్‌బాగ్‌లో కార్ల సీట్లు కుట్టే దుకాణంలో పనిచేసేవాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఆమె ఇంట్లో పనికొచ్చే గది ఒక్కటే. ఆ గదిలోనే మిషను పెట్టుకుని పెళ్ళిబట్టలు కుట్టేది. ఆ గది పైకప్పు దూలాల ఒక కొన ఈ రెండిళ్ళ నడుమ గోడలోనే దిగబడి ఉంది.

మెకానిక్ ఇల్లు సగం కూల్చాక నేను మొదటిసారి ఆ దూలాల కొనలు చూశాను. చూసి, పని ఆపమన్నాను. ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇక్కడ కాస్త గుర్తుపెట్టుకోండి. పాత ఇంటికి గునపం తగలకముందే పక్కింట్లోకి వెళ్ళి పైకి చూడాలి. వాళ్ళ దూలాలు ఏ గోడ మీద కూర్చున్నాయో చూడాలి. పాత గోడకు రెండువైపులా కప్పుల బరువు ఉన్నంతకాలం అది సరిగ్గా నిలబడుతుంది. ఒకవైపు కప్పు తీసేస్తే రెండోవైపు బరువు దాన్ని నెడుతూనే ఉంటుంది. కాబట్టి అవతలి గదిలో దూలాల కింద ఇనప జాకీలు నిలబెట్టి, ఆ బరువును గోడ మీద నుంచి తప్పించాలి. ఇదేమీ పెద్ద విద్య కాదు, ఒక పూట పని. ఆ ఒక పూట పని చేయడానికి నాకు ఎవరూ ఔనని చెప్పలేదు.

"ఈ గోడ ఎవరిదండీ?" అని మెకానిక్‌ను అడిగాను.

"వాళ్ళది మేడం," అన్నాడు వెంటనే. "మా తాత చెప్పిండు, మా బాపు చెప్పిండు. గోడ ఖాలా వాళ్ళది. మేం మొల కొట్టాలన్నా పోయి అడిగొచ్చి కొడతం."

సరే, గోడ ఎవరిదైతే వాళ్ళ దగ్గరే అనుమతి తీసుకుందామని అవతలికి వెళ్ళాను. ఖాలా నన్ను తఖ్త్ బల్ల మీద కూర్చోబెట్టి, మిషను ఆపి, నేను చెప్పేది మొత్తం ఓపిగ్గా విన్నది.

"దీవార్ ఉన్‌కీచ్ హై బేటీ," అంది. తర్వాత నా మొహం చూసి తెలుగులోకి దిగింది. "గోడ వాళ్ళది. మా అత్త చెప్పింది నాకు. సున్నం ఏసినప్పుడు గూడ పోయి అడిగి ఏస్తం. వాళ్ళు ఏం చెప్తె అది."

నేను మళ్ళీ ఇవతలికి వచ్చాను. ఖాలా మీదంటోంది అని చెప్పాను. మెకానిక్ నవ్వాడు. "ఆమె మంచితనం మేడం గది. పెద్దమనిషి కదా, గట్లనే అంటది." మళ్ళీ అవతలికి వెళ్ళాను. ఖాలా కూడా నవ్వింది. "మెకానిక్‌ది దిల్ పెద్దది బేటీ. తనది కూడా నాదంటడు."

నా ఉద్యోగంలో గోడ మాదంటే మాదని కొట్టుకున్నవాళ్ళను చూశాను. పోలీసుల దాకా పోయినవాళ్ళను చూశాను. మీదంటే మీదని దండం పెట్టుకునేవాళ్ళను చూడటం అదే మొదటిసారి. కాగితాలు తెప్పిస్తే ఇద్దరి కాగితాల్లోనూ హద్దు దగ్గర 'గోడ వరకు' అని ఉంది. గోడ లోపలికా, బయటికా, మధ్యకా అన్నది రాసినవాళ్ళకే తెలియాలి. ఆఫీసులో డ్రాయింగులు గీసే అతను రోజూ నన్ను చూసి, "ఇయ్యాల ఎవరిదైంది మేడం గోడ?" అని ఆటపట్టించేవాడు.

తరతరాలుగా ఒకరినొకరు అడగకుండా ఆ గోడ మీద ఎవరూ చెయ్యి వేయలేదు. మొల కొట్టాలంటే పోయి అడగడం, "మీదే కదా, మమ్మల్ని అడిగేదేంది" అనిపించుకోవడం, టీ తాగి రావడం. చెప్పుకోవడానికి చాలా బాగుంది. ఇంజినీరు కళ్ళతో చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండింది. ఎవరి గోడా కానప్పుడు దాన్ని బాగుచేసేదెవరు? పునాది దగ్గర సున్నం రాలిపోతే అవతలివాళ్ళ గోడ కదా, మనం ఎలా తాకుతామని ఇద్దరూ ఊరుకున్నారు. వానకు తడిసి లోపల మట్టి జారిపోతుంటే, అడగకుండా ముట్టుకుంటే ఏమనుకుంటారోనని ఇద్దరూ ఊరుకున్నారు. పైపైన మాత్రం ఇద్దరూ అడిగి మరీ సున్నం కొట్టారు. వేలితో తడితే అక్కడక్కడా బోలు చప్పుడు వచ్చేది.

జాకీలు తెప్పించి గల్లీలో దింపించాను. అవి అక్కడే పడున్నాయి. మెకానిక్ భార్యను అడిగాను. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది. "ఖాలా ఇంట్ల ఇనప కట్టెలు పెట్టుమని మేమెట్ల చెప్తం మేడం? మీ ఇల్లు పడిపోతదని నోటితో అన్నట్టు గాదా?" అంది. అదే సంగతి ఖాలాను అడిగితే, "వాళ్ళ గోడ మీద నాకు భరోసా లేదని అనుకోరా? నక్కో బేటీ, వద్దు," అంది. కొడుకుతో చెబుదామని ఫోన్ చేస్తే, "అమ్మీ ఎట్ల చెప్తె అట్ల మేడం," అన్నాడు. అంతా మంచివాళ్ళే. నాకు అరవాలనిపించింది, అరిచాను కూడా. ఖాలా నాకు చల్లటి షర్బత్ ఇచ్చింది.

మా సార్ గురించి కూడా చెప్పాలి. ఆఫీసు ఆయనదే. మంచి డిజైనరు, కానీ సైటు మీదికి రావడం ఆయన ఎప్పుడో మానేశాడు. కుర్చీలో కూర్చుని ఫోన్ మీదే ఇళ్ళు కట్టించేవాడు. గోడ సంగతి చెబితే, "ఎవరిదైతే ఏంది, నూరేండ్ల సంది ఉన్నది, ఇంకో నెల ఉండదా?" అన్నాడు. పాలమూరు నుంచి వచ్చిన మా మేస్త్రిదీ అదే మాట. "ఏం ఫికర్ చేయకుర్రి మేడం. ఈ గోడ మనల్నందర్నీ సాగనంపి పోతది," అన్నాడు. ఆయన ధైర్యం చూసి నా భయం తప్పేమోనని నాకే అనుమానం వచ్చింది. పుస్తకం ఒకటి చెబుతుంది, చుట్టూ ఉన్న మనుషులు ఇంకోటి చెబుతారు. రాత్రి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని, ఆ గోడకు నిజంగా ప్రమాదముందా, నేనే లేనిపోని లొల్లి చేస్తున్నానా అని తేల్చుకోలేకపోయేదాన్ని.

ఆ గోడ పక్కన మేం పిల్లర్ల కోసం గుంతలు తవ్వాలి. పాత గోడ పక్కన ఎప్పుడు తవ్వినా ముక్కలు ముక్కలుగా తవ్వాలి. ఒక ముక్క తవ్వి, కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక, నడుమ కొంత వదిలి ఇంకో ముక్క తవ్వాలి. పొడుగూతా ఒకేసారి తవ్వితే గోడ కాళ్ళకింద మట్టి జారుతుంది. గోడ పునాది కంటే లోతుకు అసలే పోకూడదు. ఇది నేను మేస్త్రికి చెప్పాను. మబ్బు పట్టిన ఆ పొద్దున మా సార్ ఫోన్ చేసి, వాన రాకముందే గుంతలన్నీ కానివ్వమని అదే మేస్త్రికి చెప్పాడు. మేస్త్రి ఎవరు చివర చెబితే వాళ్ళ మాట వినే మనిషి. నేను ఇంకో సైటులో స్లాబు దగ్గర ఉండగా, ఆయన గోడ పొడుగూతా కందకం తవ్వించేశాడు.

మధ్యాహ్నం వాన మొదలైంది. నేను ఆటోలో వచ్చి చూసేసరికి కందకం నిండా బురద నీళ్ళు. గోడ నడుమ భాగం మా వైపుకి ఉబ్బి కనబడుతోంది. సున్నం పెచ్చులు ఒకటొకటిగా రాలి నీళ్ళలో పడుతున్నాయి.

"పొద్దున గిట్ల లేకుండె మేడం," అన్నాడు మేస్త్రి. ఆయన మొహంలో ధైర్యం లేదు.

కూలీలందర్నీ గల్లీలోకి తరిమాను. కందకంలో మట్టి వేయించాలా? వేస్తే మనుషులు ఆ గోడ పక్కనే నిలబడాలి. మా వైపు నుంచి దన్ను పెట్టాలా? ఆ బురదలో దన్ను దేనిమీద నిలబడుతుంది? ఏది చేసినా తప్పేలా ఉంది. ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలుసు. గోడ పోతే దూలాలు పోతాయి, ఆ దూలాల కింద ఒక మనిషి కూర్చుని బట్టలు కుడుతోంది.

ఖాలా ఇంట్లోకి పరుగెత్తాను. లేవండి, బయటికి రండి, గోడ ఉబ్బింది అని అరిచాను. ఆమె లేచింది, నిజమే. లేచి, పెట్టెలోంచి ఉతికిన తువ్వాలు తీసి నన్ను తల తుడుచుకోమని ఇచ్చి, మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

"నా పెళ్ళైన కాన్నుంచి ఈ గోడ పక్కన పడుకుంటున్న," అంది. "వాన వచ్చిందని ఉరికితే వాళ్ళ మొహం ఎట్ల చూడాలె రేపు?"

"రేపు ఉంటే కదా ఖాలా!" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. నిజంగా ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి సముదాయించింది. కప్పు కూలబోతోంది ఆమె మీద, ఓదార్పు నాకు. నా ఉద్యోగంలో అంత అయోమయమైన క్షణం ఇంకోటి లేదు.

అప్పుడు మెకానిక్ భార్య వచ్చింది. దవాఖాన డ్యూటీ దిగి, యూనిఫాం చీర మీదే, తడిసి ముద్దై వచ్చింది. గడపలో చెప్పులు విడిచింది. గోడను చూసింది, నన్ను చూసింది, ఖాలాను చూసింది. నేరుగా వెళ్ళి తఖ్త్ మీద, సరిగ్గా దూలం కింద కూర్చుంది.

"నువ్వెందుకు కూసున్నవ్?" అంది ఖాలా.

"మీరు కూసున్నరు గదా. నేను గూడ కూసుంట."

"లే బిడ్డా, గోడ మంచిగ లేదంట!"

"మీరు లేస్తే లేస్త."

ఖాలా ఒక్కసారి పైకప్పు వైపు చూసింది. తన కోసం ఆ కప్పును ఆమె అంతవరకు తలెత్తి చూడలేదు. "మేరే ఘర్ మే మెహమాన్ కో కుచ్ హువా తో?" అంది నాతో, ఆ తప్పు నాదైనట్టు. ఇంటికొచ్చిన మనిషికి ఏమైనా అయితే ఎలాగని ఆమె భయం. కుడుతున్న బట్టను భుజాన వేసుకుని, మెకానిక్ భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆమెను లాక్కుంటూ గల్లీలోకి నడిచింది.

జాకీలు ఎవరు పెట్టాలి? నేను నోరు తెరిచేలోపే మేస్త్రి ఒక జాకీ భుజానికెత్తుకున్నాడు. వెనక ఇద్దరు మనుషులు నడిచారు. గోడకు దూరంగా, దూలాల కింద అడ్డంగా ఒక గట్టి కట్టె పెట్టి, దానికింద జాకీలు ఒకటొకటిగా బిగించారు. మేస్త్రి ఆఖరి మర బిగించేదాకా బయటికి రాలేదు. ఆ సాయంత్రమే మా వైపు గోడ ముఖమంతా కందకంలోకి జారిపడింది. ఖాలా కప్పు జాకీల మీద నిలబడింది. ఎవరికీ గీత పడలేదు. అందరం గల్లీలో వానలో నిలబడి టీ తాగాం. మేస్త్రి మాత్రం తాగలేదు, గోడకు మొక్కి ఒక మూల కూర్చున్నాడు. మర్నాడు మా సార్ ఎన్నాళ్ళకో సైటు మీదికి వచ్చాడు. జాకీలను ఒకటొకటిగా చేత్తో తట్టి చూశాడు.

పడ్డ గోడ లోపల చూస్తే నా అయోమయం రెట్టింపైంది. మా వైపు రాళ్ళు, ఖాలా వైపు ఇటుకలు. నడుమ మట్టి, పెంకులు, ఎలుక బొరియలు. రెండు ముఖాలనూ కలిపి కట్టే అడ్డరాయి ఒక్కటి కూడా లేదు. మా సార్ అది రెండు గోడలన్నాడు. మేస్త్రి ఒకటే గోడ, రెండుసార్లు కట్టిందన్నాడు. ముందు ఎవరు కట్టారో, ఎవరు ఎవరిని ఆనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

కొత్తగా కట్టేటప్పుడు మాత్రం నేను ఎవర్నీ అడగలేదు. మెకానిక్‌కు ఒక గోడ, ఖాలాకు ఒక గోడ, నడుమ రెండు వేళ్ళ సందు. మీరూ అలాగే కట్టుకోండి. ఏ ఇంటి బరువు ఆ ఇంటి మీదే ఉండాలి, ఒక ఇల్లు కుంగితే రెండోది పగలకూడదు. సందులోకి వాన దిగకుండా పైన రేకు మూత వేయాలి. ఆ మూతను ఒక గోడకే బిగించాలి, రెండింటికీ బిగిస్తే సందు పెట్టిన ప్రయోజనమే పోతుంది. ఈ పనంతా పక్కాగా చేశానని నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు నన్ను కూడా పిలిచారు. పాస్టర్ గారు వెళ్ళాక భోజనాల దగ్గర ఖాలా కొత్త గోడ మీద అరచెయ్యి పెట్టి, "ఇప్పుడు ఇది ఎవరిది?" అని నన్ను అడిగింది.

"ఇది వీళ్ళది ఖాలా. మీ వైపుది మీది. రెండూ వేరు. ఇక మీరు వీళ్ళను అడగక్కర్లేదు, వీళ్ళు మిమ్మల్ని అడగక్కర్లేదు," అన్నాను ఉత్సాహంగా.

ఆమె చెయ్యి తీసేసింది. మెకానిక్ భార్య వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేనేదో అనకూడనిది అన్నానని తెలిసింది, ఏమిటో తెలియలేదు. కాసేపటికి మెకానిక్ భార్య నన్ను వంటింట్లోకి పిలిచింది. ఖాలా కూడా వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"మేడం, నడుమ సందు ఉన్నదని మా రెండిండ్ల పిల్లలకు చెప్పకుర్రి," అంది మెకానిక్ భార్య.

"హౌ బేటీ. పైన రేకు ఉంది కదా, కనబడదు," అంది ఖాలా.

నేను సరేనన్నాను. బస్సులో కూర్చుని ఇంటికెళ్తుంటే, ఆ ఇద్దరికీ నేను చేసింది మేలో కీడో తేలలేదు.

రిటైరయ్యాక ఈమధ్య ఆ వైపు పనుండి వెళ్ళి, మెకానిక్ వాళ్ళింట్లో కాసేపు కూర్చున్నాను. ఖాలా పోయి ఏడాది దాటిందట. మాట్లాడుతుండగా ఖాలా కోడలు తల మీద దుపట్టా సర్దుకుంటూ వచ్చి గడపలో నిలబడింది.

"ఆంటీ, గోడకు టీవీ బిగించాలె. డ్రిల్లు కొట్టమంటరా?"

ఆ అమ్మాయి బిగించబోయేది తన సొంత గోడకు. ఆ గోడ ఈ ఇంటిని తాకను కూడా తాకదు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. మెకానిక్ భార్య నా వైపు ఒక్క చూపు చూసింది.

"మీదే కదా బిడ్డా, మమ్మల్ని అడిగేదేంది?" అంది ఆ అమ్మాయితో. "దా, టీ తాగి పో."

ముగ్గురం టీ తాగాం. ఇందులో ఎవరి పేర్లూ, గల్లీ పేరూ ఎందుకు రాయలేదని మీకు అనుమానం రావచ్చు. ఆ కోడలికి తెలుగు చదవడం వచ్చు.